బొబ్బిలి నుంచి కబురు

మా పుట్టిల్లు బొబ్బిలి దగ్గర పల్లెటూరు. మెట్టిల్లు విజయనగరం. పెళ్ళయిన కొత్తలో అత్తవారి తరఫు పెద్దావిడ ఒకామె నా గడ్డం పట్టుకుని "ఏ ఊరమ్మా మీది?" అని అడిగింది. చెప్పాను. "ఓలమ్మ, బొబ్బిలోళ్ళ పిల్లా! మా రాజుని పొడిసీసినోళ్ళు" అంది. నవ్వుతూనే అంది. నేనూ నవ్వాను. కానీ ఆ మాట చాలా రోజులు నాలో ఉండిపోయింది. 1757 జనవరి 24న జరిగిన యుద్ధం ఒక కొత్త కోడలి పరిచయంలోకి ఎలా వచ్చి కూర్చుంది?

మా వైపు పిల్లలకి ఆ కథ మరోలా చెప్తారు. విజయనగరం రాజు తరఫున వచ్చిన ఫ్రెంచి సేనాని బుస్సీ ఫిరంగులు, కూలిన కోట, శత్రువుల చేతికి చిక్కకూడదని లోపలే ప్రాణాలు పోయిన ఆడవాళ్ళు, పిల్లలు. రాజాంలో ఉన్న మా బొబ్బిలి వీరుడు తాండ్ర పాపారాయుడు వచ్చేసరికి అంతా అయిపోయింది. అందుకే ఆయన రాత్రివేళ డేరాలోకి వెళ్ళి విజయనగరం రాజు విజయరామరాజుని చంపాడు. బొబ్బిలిలో యుద్ధ స్తంభం దగ్గరికి మమ్మల్ని బడి నుంచి తీసుకెళ్ళేవారు. అక్కడ నిలబడ్డప్పుడు ఒక్కసారి కూడా నాకు డేరాలో చచ్చిపోయిన మనిషికి ఇంట్లో ఎవరుంటారు అన్న ఆలోచన రాలేదు. ఎవరి చావులు వాళ్ళే లెక్కపెట్టుకుంటారు కదా.

ఆ ఇంట్లో ఉన్నది పైడితల్లి అని విజయనగరం వచ్చాకే తెలిసింది. చెల్లెలు. అన్న బొబ్బిలి మీదికి వెళ్ళాక అతనికి కీడు జరగబోతోందని తెలిసి, ఆ మాట చెప్పడానికి బండి కట్టించుకుని బయలుదేరిందంటారు. దారిలోనే కబురు ఎదురొచ్చింది, అన్న లేడని. సొమ్మసిల్లి పడిపోతే వెంట ఉన్న పతివాడ అప్పలనాయుడు ముఖాన నీళ్ళు చల్లాడంటారు. ఆ తర్వాత ఆమె పెద్దచెరువులో అమ్మవారి విగ్రహంగా దొరికిందని మా ఊరి నమ్మకం. ఏటా దసరా వెళ్ళాక మంగళవారం నాడు మూడు లాంతర్ల గుడి నుంచి కోట దాకా మూడుసార్లు సిరిమాను, అంటే పూజారిని కూర్చోబెట్టిన పొడవాటి మాను, తిరుగుతుంది. ఆ రోజు లక్షల మంది వస్తారు. బొబ్బిలి నుంచి కూడా బస్సులు నిండి వస్తాయి. ఎవరూ ఎవరినీ ఆపరు. అంత పెద్ద జాతర ఒక ఆడపిల్ల దుఃఖం చుట్టూ తిరుగుతోందని గుర్తొచ్చినప్పుడల్లా నాకు ఒళ్ళు గగుర్పొడుస్తుంది.

ఇదంతా ఎందుకు చెప్తున్నానంటే, నేను మారథాన్లు పరుగెడతాను. శాంతి కోసం పరుగు అంటే ఏమిటో కొన్నేళ్ళుగా ఆలోచిస్తున్నాను. మారథాన్ కథ కూడా ఒక యుద్ధం కబురు కథే. క్రీస్తుపూర్వం 490లో మారథాన్ మైదానంలో పర్షియన్లను గెలిచాక, ఫిడిపిడీస్ అనే వార్తాహరుడు ఏథెన్స్ దాకా పరుగెత్తి "గెలిచాం" అని చెప్పి కుప్పకూలాడని కథ. ఆ యుద్ధానికి దగ్గరి కాలంలో రాసిన గ్రీకు చరిత్రకారుడు హెరొడోటస్ ఈ మాట చెప్పలేదు. ఆయన చెప్పింది, ఆ మనిషి యుద్ధానికి ముందు సాయం అడగడానికి స్పార్టాకి పరుగెత్తాడని. అది సుమారు 240 కిలోమీటర్లు. ఏథెన్స్ కథ వందల ఏళ్ళ తర్వాత రాసినవాళ్ళది. అయినా 1896 ఒలింపిక్స్‌లో మారథాన్ పందెం పెట్టడానికి ఆ కథే కావాల్సి వచ్చింది. గెలుపు కబురు తెచ్చినవాడి పేరు మీద ప్రపంచమంతా పరుగెడుతోంది. బొబ్బిలి దారిలో పైడితల్లికి ఎదురొచ్చి చావు కబురు చెప్పినవాడు ఎవరో మాత్రం ఎవరికీ తెలియదు. వాడూ పరుగెత్తే వచ్చుంటాడు.

నేను పరుగు మొదలుపెట్టింది శాంతి కోసం కాదు. ముప్పై తొమ్మిదో ఏట షుగర్ బోర్డర్‌లో ఉందని డాక్టరు నడవమంది. తెల్లవారుజామున గ్రౌండ్‌కి వెళ్తే అక్కడంతా ఆర్మీ ర్యాలీకి తయారయ్యే కుర్రాళ్ళు. మా జిల్లాలో, శ్రీకాకుళం జిల్లాలో ఏ రోడ్డు మీద చూసినా నాలుగున్నరకి ఆ అడుగుల చప్పుడు వినిపిస్తుంది. 1.6 కిలోమీటర్ల పరుగు మీద ఇంటిల్లిపాది ఆశ పెట్టుకుంటారు. వాళ్ళలో ఇద్దరు నా దగ్గర ఎనిమిదో తరగతి చదివినవాళ్ళు. "టీచర్, ఊపిరి ముక్కుతో తీసుకోండి, భుజాలు వదిలేయండి" అని వాళ్ళే నాకు నేర్పారు. రెండేళ్ళకి హాఫ్ మారథాన్, ఆ తర్వాత హైదరాబాద్‌లో ఫుల్, అంటే 42 కిలోమీటర్లు.

హైదరాబాద్ అంటే నాకు అప్పటికి భయం ఉండేది. 2013లో రాష్ట్ర విభజన గొడవల్లో మా విజయనగరంలో కర్ఫ్యూ పెట్టారు. అక్టోబరులో, పండగల రోజుల్లో. వీధిలో పాలబ్బాయి కూడా లేడు. అక్కడ హైదరాబాద్‌లో ఉన్న మా తమ్ముడు బస్సులో ఫోన్ ఎత్తడం మానేశాడు. ఎత్తితే మన యాస బయటపడుతుందని టెన్షన్. మా వైపు నుంచి అక్కడికి మేస్త్రీ పనికి, అపార్ట్‌మెంట్ల కాపలాకి వెళ్ళినవాళ్ళు ఎంతమందో. అటువైపు వాళ్ళ దశాబ్దాల బాధ ఏమిటో మాకు ఎవరూ సరిగ్గా చెప్పలేదు, మేమూ అడగలేదు. ఇక్కడ నినాదాలు, అక్కడ నినాదాలు. 2014 జూన్ 2 వచ్చింది, గీత పడింది. మనసులో పడ్డ గీతల సంగతి ఎవరూ చూడలేదు.

ఆ ఊళ్ళో, నెక్లెస్ రోడ్ నుంచి బయలుదేరి, ముప్పై రెండో కిలోమీటరు దాటాక నా కాళ్ళు ఆగిపోయాయి. పరుగెత్తేవాళ్ళు దాన్ని గోడ అంటారు. కండరాల్లో, కాలేయంలో దాచుకున్న గ్లైకోజెన్ అయిపోతుంది. ఒంటికి ఇంధనం లేక బుర్ర కూడా పనిచేయదు. సింహాచలం గిరి ప్రదక్షిణ కూడా 32 కిలోమీటర్లే, నాకెప్పుడూ అది ఆశ్చర్యం. మన తాతలు ఆషాఢ పున్నమికి ఉత్త కాళ్ళతో నడిచి వచ్చి ఎక్కడ దేవుడికి దండం పెట్టేవారో, ఇంచుమించు అక్కడే మారథాన్‌లో ఒంటి బలం అయిపోతుంది.

నేను డివైడర్ మీద కూలబడ్డాను. ఎదురుగా ఇంటి గేటు దగ్గర ఒక పెద్దావిడ స్టీలు గిన్నెలో ఉప్పు, నిమ్మకాయ చెక్కలు పెట్టుకుని నిలబడి ఉంది. నిర్వాహకుల మనిషి కాదు. వచ్చి నా చేతిలో నిమ్మచెక్క పెట్టి "యే ఊరు బిడ్డా?" అంది. నాకు ఒక్క క్షణం అబద్ధం చెప్పాలనిపించింది. చెప్పడానికి ఓపిక లేదు. "విజయనగరం" అన్నాను. "గంత దూరంకెళ్ళి వచ్చినవా! లే బిడ్డా, ఇంక జరంతనే ఉన్నది" అని నా చంకలో చెయ్యి వేసి లేపింది. ఆమెది తెలంగాణ, నాది ఆంధ్ర. ఆ గొడవంతా ఎవరు సరి, ఎవరు కాదు అన్న ప్రశ్న ఎక్కడికీ పోలేదు. కానీ ఆ చెయ్యి మీద నా బరువంతా వేశాను.

అప్పుడు అర్థమైంది నాకు, మారథాన్ ఎందుకు, రెండు కిలోమీటర్ల ర్యాలీ ఎందుకు కాదు అని. రెండు కిలోమీటర్లలో ఎవరికీ ఎవరి అవసరమూ రాదు. వెళ్ళినవాళ్ళం అలాగే తిరిగొస్తాం. 42 కిలోమీటర్లు అలా కాదు. ఎంత మొనగాడైనా పరాయి మనిషి చేతి నీళ్ళు తాగాల్సిందే. పరాయి వీధిలో ఒళ్ళు అలిసిపోయి, గర్వం అరిగిపోయి, చెయ్యి చాచాల్సిందే. ఆ నీళ్ళు ఎవరి చేతివి, ఆ వీధి ఎవరిది అన్నదే శాంతి పరుగులో అసలు విషయం. దారి ఎటు పోతోందో చెప్పకుండా శాంతి పరుగు అంటే నేను నమ్మను.

ప్రపంచంలో ఈ పని సరిగ్గా చేసినవాళ్ళు దారితోనే చేశారు. బేల్‌ఫాస్ట్ మారథాన్ 1982లో మొదలైంది. ఉత్తర ఐర్లండ్‌లో బాంబులు పేలుతున్న కాలం. కేథలిక్కుల పేటలు వేరు, ప్రొటెస్టెంట్ల పేటలు వేరు, మధ్యలో గోడలు. పరుగు మాత్రం రెండు పేటల్లోంచీ పోతుంది. మామూలు రోజుల్లో అవతలి వీధిలో కాలుపెట్టనివాడు ఆ రోజు ఆ వీధి పిల్లల చేతి నీళ్ళు తాగుతాడు. లెబనాన్‌లో 1975 నుంచి 1990 దాకా అంతర్యుద్ధం జరిగింది. ఆ దేశపు మే ఎల్-ఖలీల్ అనే ఆవిడ, పరుగు సాధనలో ఉండగా బస్సు గుద్ది ఏళ్ళ తరబడి మంచాన పడింది. లేచాక 2003లో బేరూత్ మారథాన్ పెట్టింది. 2005లో మాజీ ప్రధాని రఫీక్ హరీరీ హత్య జరిగాక దేశం మళ్ళీ చీలిపోతుందేమో అన్న రోజుల్లో, పార్టీ నినాదం ఒక్కటీ లేని తెల్ల బనియన్లు తొడిగించి వేలమందిని కలిపి పరుగెత్తించింది. ఇటు పాలస్తీనాలో, బెత్లెహేంలో 2013లో మారథాన్ పెట్టాలనుకుంటే, ఇజ్రాయెల్ గోడ, చెక్‌పోస్టుల అడ్డు లేకుండా ఏకబిగిన 42 కిలోమీటర్ల దారే దొరకలేదు. ఒకే దారిలో మళ్ళీ మళ్ళీ తిరిగి దూరం పూర్తి చేశారు. ఆ తిరగడమే వాళ్ళ మాట.

టెగ్లా లొరూప్ గురించి మాత్రం కొంచెం ఎక్కువ చెప్పాలి. కెన్యా అమ్మాయి. 1994లో న్యూయార్క్ మారథాన్ గెలిచింది, ఆ పరుగు గెలిచిన మొదటి ఆఫ్రికా మహిళ. ఆమెది పోకోట్ తెగ. పోకోట్‌లకీ, తుర్కానాలకీ, ఉగాండా వైపు కరమొజోంగ్‌లకీ పశువుల దొంగతనాల మీద తరాలుగా పగలు. పూర్వం బల్లేలు, తర్వాత తుపాకులు. 2003లో ఆమె శాంతి సంస్థ పెట్టి, ఆ తెగల్లోని ఆయుధం పట్టిన యువకుల్నే పందేనికి పిలిచింది. ప్రేక్షకుల్ని కాదు, పగలున్నవాళ్ళనే. ఒకరి పశువుల్ని ఒకరు తోలుకుపోయినవాళ్ళు భుజం భుజం రాసుకుంటూ పరుగెత్తారు. మన దగ్గర శాంతి ర్యాలీకి ఎవరు వస్తారు? బడి పిల్లలు, ఎన్‌సీసీ వాళ్ళు, ఎవరితోనూ పగ లేనివాళ్ళు. కొన్నేళ్ళ క్రితం ఒక శాంతి పరుగుకి నేను మా పిల్లల్ని తీసుకెళ్ళాను. అతిథి రావడం ఆలస్యమైంది, పిల్లలు గంటన్నర ఎండలో నిలబడ్డారు. బ్యానర్ పట్టుకుని కూడలి నుంచి కూడలికి వెళ్ళి ఫోటో దిగి వచ్చేశాం. ఒక పిల్ల నన్ను అడిగింది, "టీచర్, ఎవరు ఎవరితో కొట్టుకుంటున్నారని?" నా దగ్గర జవాబు లేదు. ఆ పిల్ల ప్రశ్నే సరైన ప్రశ్న.

దారి మాట వచ్చింది కాబట్టి అబెబె బికిలా. 1960 రోమ్ ఒలింపిక్స్‌లో మారథాన్ సాయంత్రం మొదలై రాత్రి దివిటీల వెలుగులో ముగిసింది. ఇథియోపియా నుంచి వచ్చిన ఆ సైనికుడు ఉత్త కాళ్ళతో పరుగెత్తాడు. పాతికేళ్ళ క్రితం, 1935లో, ముస్సోలినీ సైన్యం దండెత్తింది అతని దేశం మీదికే. అక్కడి అక్సుం నగరం నుంచి ఎత్తుకొచ్చిన రాతి స్తంభాన్ని రోమ్ నడిబొడ్డున నిలబెట్టారు. పరుగు దారి ఆ స్తంభం పక్కనుంచే పోయింది. బికిలా ముందుకి దూకింది ఆ చోటి దగ్గరే. 2 గంటల 15 నిమిషాల 16 సెకన్లలో కాన్‌స్టంటైన్ తోరణం కిందికి చేరాడు.  ఆ స్తంభం ఇథియోపియాకి తిరిగి వెళ్ళింది మాత్రం 2005లో.

ఈ నలభై అయిదేళ్ళ దగ్గరే మా మావయ్య నన్ను పట్టుకున్నారు. "పరుగెత్తాడు, గెలిచాడు, బాగుంది. రాయి ఎప్పుడు తిరిగొచ్చింది? నీ పరుగు వల్ల వచ్చిందా, అడగ్గా అడగ్గా వచ్చిందా?" అన్నారు. ఆయన రిటైరైన టీచరు. కురుపాం వైపు పల్లెలో పుట్టారు. 1967 అక్టోబరు 31న లేవిడి దగ్గర, గిరిజన సంఘం సభకి వెళ్తున్న కోరన్న, మంగన్న అనే ఇద్దరిని భూస్వాముల మనుషులు కాల్చి చంపినప్పుడు ఆయన పిల్లవాడు. తర్వాత మూడేళ్ళు ఆ కొండల్లో జరిగింది, శ్రీకాకుళం గిరిజన సాయుధ పోరాటం, అందరికీ తెలుసు. షావుకార్లనీ, భూస్వాములనీ చంపారు. ఎన్‌కౌంటర్ల పేరుతో కుర్రాళ్ళూ, పెద్దవాళ్ళూ పోయారు. 1970 జులై 10న ఆ పోరాట నాయకులు వెంపటాపు సత్యం, ఆదిభట్ల కైలాసం చనిపోయారు. మావయ్య వాళ్ళ చిన్నాన్నని ఎవరికో అన్నం పెట్టాడన్న అనుమానం మీద తీసుకుపోయారు. తిరిగొచ్చాడు గానీ మళ్ళీ నాగలి పట్టలేదు. ఈ సంగతి మా ఇంట్లో ముప్పై ఏళ్ళలో రెండుసార్లు విన్నానేమో. "బనియన్లు తొడుక్కుని అందరూ కలిసి పరుగెత్తేస్తే అయిపోయినట్టేనా అమ్మాయ్? చేసినోడు చేశానని చెప్పాలి. ఆ తరువాత పరుగెత్తండి" అన్నారు.

ఆయన మాటలో చాలా నిజం ఉంది. నిజం చెప్పకుండా, భూమి తేల్చకుండా, కేసులు ఎత్తేయకుండా పెట్టే పరుగు గాయం మీద గుడ్డ కప్పడమే. 2010 జులైలో సోంపేటలో, 2011 ఫిబ్రవరిలో కాకరాపల్లిలో థర్మల్ ప్లాంట్లు వద్దన్న జనం మీద పోలీసులు కాల్పులు జరిపితే రైతులు, మత్స్యకారుల ఊళ్ళల్లో మనుషులు పోయారు. ఆ ఊళ్ళల్లో ప్లాంటు కావాలన్నవాళ్ళూ వద్దన్నవాళ్ళూ ఒకే వీధిలో ఉన్నారు. అక్కడికి వెళ్ళి "అన్నీ మర్చిపోయి పరుగెత్తుదాం రండి" అనే హక్కు నాకు లేదు.

కానీ మావయ్యకి నేను ఒక సంగతి చెప్పాను. అశోకుడి సంగతి. మనది కళింగ నేల. క్రీస్తుపూర్వం 261 ప్రాంతంలో జరిగిన యుద్ధంలో లక్ష మంది చచ్చారు, లక్షన్నర మందిని చెరపట్టుకుపోయారు, చూసి నాకు కడుపు తరుక్కుపోయింది అని అశోకుడు రాతి మీద చెక్కించాడు. అది 13వ శాసనం. మన కర్నూలు జిల్లా ఎర్రగుడిలో ఉంది, గుజరాత్ గిర్నార్‌లో ఉంది, ఎక్కడో పాకిస్తాన్‌లో పెషావర్ వైపు షాబాజ్‌గఢీలో ఉంది. కళింగలో లేదు. మన ఇచ్ఛాపురం దాటి బరంపురం దగ్గరున్న జౌగడలో, భువనేశ్వర్ దగ్గర ధౌలిలో మిగతా శాసనాలు చెక్కించి, సరిగ్గా ఈ శాసనం ఉండాల్సిన చోట వేరేవి పెట్టించాడు. మనుషులందరూ నా బిడ్డలే అన్న మంచి మాట ఉంది అందులో. నేను మిమ్మల్ని చంపాను, నాకు బాధగా ఉంది అన్న మాట మాత్రం లేదు. దేశమంతా చెప్పుకున్నాడు. చచ్చిపోయినవాళ్ళ ఇళ్ళ ముందు చెప్పలేకపోయాడు.

"అదే నేననేది కూడా" అన్నారు మావయ్య. "అదే నేను కూడా అనేది" అన్నాను నేను. మాట ఆ గుమ్మం దాకా పోవాలి. పోవాలంటే ఎవరో ఒకరు ఆ దారిలో నడవాలి, పరుగెత్తాలి. కాగితం మీద క్షమాపణ దూరం నుంచి కూడా చెప్పొచ్చు, ఎర్రగుడి నుంచి చెప్పినట్టు. ఒగరుస్తూ గుమ్మం ముందు నిలబడి మంచినీళ్ళు అడిగినవాడితో ఆ ఇంటివాళ్ళు మాట్లాడతారు. కనీసం తిడతారు. ఆ తిట్టు కూడా ఇన్నాళ్ళూ ఎవరికీ చెప్పుకోలేని మాటే.

బోస్టన్‌లో ఆ పని కొంత జరిగింది. 2013 ఏప్రిల్ 15న మారథాన్ ఫినిష్ లైన్ దగ్గర బాంబులు పేలి ముగ్గురు చనిపోయారు. మరుసటి ఏడు అదే వీధిలో, అదే గీత దాకా పరుగు పెట్టారు. మెబ్ కెఫ్లెజిగి గెలిచాడు. ఎరిత్రియాలో పుట్టి, యుద్ధం వల్ల ఇల్లు విడిచి, పన్నెండేళ్ళ వయసులో అమెరికా చేరిన మనిషి. పోయినవాళ్ళ పేర్లు ఛాతీ మీది నంబరు కాగితం మూలల్లో చిన్న అక్షరాలతో రాసుకున్నాడు. 1983 తర్వాత మగవాళ్ళ పరుగులో ఒక అమెరికన్ గెలవడం అదే మొదలు. నాకు ఆ గెలుపు కన్నా ఆ పేర్లు ముఖ్యం. దారి మార్చకపోవడం ముఖ్యం.

అందుకే ఈ జనవరి 24న మేం బొబ్బిలి నుంచి విజయనగరం బయలుదేరాం. నేను, గ్రౌండ్‌లో కుర్రాళ్ళు నలుగురు. బ్యానర్ లేదు, ఎవరికీ చెప్పలేదు. యుద్ధ స్తంభం దగ్గర నిలబడ్డప్పుడు ఇంకా చీకటే. కుర్రాళ్ళలో ఒకడిది రాజాం, పాపారాయుడి ఊరు. ఇంకొకడిది విజయనగరం కోట వెనక వీధి. వాళ్ళిద్దరూ ఒకే నీళ్ళ సీసా పంచుకుంటున్నారని నేను గమనించాను, వాళ్ళు గమనించలేదు.

రామభద్రపురంలో తెల్లారింది. టీ కొట్టాయన డబ్బులు తీసుకోలేదు. గజపతినగరంలో మా పిన్ని కూతురు చోడి అంబలి చేసి రోడ్డు మీదికి తెచ్చింది, ఉల్లిపాయ ముక్కలు వేసి. ఎండాకాలం పెట్టే చలివేంద్రం లాగా కుండ, గ్లాసు పెట్టుకుని కూర్చుంది. మామూలుగా ఆ రోడ్డు మీద లారీలకి భయపడి నేను ఎప్పుడూ పరుగెత్తను. ఆ రోజు ఇద్దరు లారీ డ్రైవర్లు పక్కకి తీసి, దిగి, ఎక్కడిదాకా అని అడిగారు. అన్ని ఊళ్ళల్లోనూ అదే ప్రశ్న. బొబ్బిలి నుంచి విజయనగరం అంటే ముసలివాళ్ళు మాత్రం ఒక్క క్షణం ఆగి తేదీ గుర్తుచేసుకున్నారు. ఒకాయన తల మీద తువ్వాలు తీసి చేతిలో పట్టుకున్నాడు.

బొబ్బిలి నుంచి విజయనగరానికి రోడ్డు మీద 50 కిలోమీటర్లు దాటుతుంది. 42.195 అయ్యేసరికి మేం ఇంకా పొలాల మధ్యే ఉన్నాం. మారథాన్ అయిపోయింది, ఊరు రాలేదు. 1908లో లండన్‌లో కుదిరిన కొలత మన దారులకి ఎందుకు సరిపోవాలి? మిగిలిన దూరం నడిచాం. ఎండెక్కింది, ఒకడి చెప్పు తెగింది, నా ఎడమ మోకాలు పట్టేసింది. మూడు లాంతర్ల దగ్గరికి వచ్చేసరికి మధ్యాహ్నం. అమ్మవారికి దండం పెట్టుకుని, కుర్రాళ్ళని వాళ్ళ వాళ్ళ ఇళ్ళకి పంపి ఇంటికి వెళ్ళాను.

మావయ్య వరండాలో కుర్చీలో ఉన్నారు. లేచి లోపలికి వెళ్ళి చెంబుతో నీళ్ళు తెచ్చిచ్చారు. నేను మెట్టు మీద కూర్చుని తాగుతుంటే మామూలుగా ఎవరైనా ఊరి నుంచి వస్తే అడిగినట్టే అడిగారు.

"బొబ్బిల్లో ఏటి కబుర్లు?"

"అంతా బాగున్నారు మావయ్యా" అన్నాను.

ఆయన చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత చెంబు అందుకుంటూ, "ఇక్కడ నుంచి లేవిడి ఎంత దూరం అవుద్దో ఓసారి ఫోన్లో చూడు" అన్నారు.